పాత ఫోనోగ్రాఫు: ముందు గుర్తుపట్టండి, తరవాత ముట్టుకోండి



న్యూ జెర్సీ తెలుగువాళ్ళకి ఎడిసన్ అంటే ఓక్ ట్రీ రోడ్డు, ఇడ్లీ దోసెలు, చీరల కొట్లు. ఆ ఊరికి ఆ పేరు ఎందుకొచ్చిందో మనలో చాలామందిమి పట్టించుకోం. ఆ టౌన్‌షిప్‌లోనే మెన్లో పార్క్ అనే చోట, క్రిస్టీ స్ట్రీటులో, 1938లో ప్రారంభించిన స్మారక స్తంభం ఒకటుంది. దాని నెత్తిన పెద్ద గాజు బల్బు. థామస్ ఎడిసన్ 1877లో మనిషి గొంతుని పట్టి, మళ్ళీ వినిపించే యంత్రాన్ని తయారుచేసింది అక్కడే. అప్పట్లో అది రారిటన్ టౌన్‌షిప్. 1954లో ఎడిసన్ అని పేరు మార్చారు. కాబట్టి ఈ చుట్టుపక్కల ఎస్టేట్ సేల్స్‌లో పాత ఫోనోగ్రాఫు కనిపిస్తే పెద్దగా ఆశ్చర్యపోనక్కరలేదు.

నాకూ అలాగే దొరికింది. పదిహేనేళ్ళు దాటింది. తొంభై దాటిన ఒక పెద్దావిడ పోతే, వాళ్ళ అమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మకానికి పెట్టింది. ఓక్ చెక్క పెట్టె, తిప్పే పిడి, నల్లటి బాకా, ఒక అట్టపెట్టె నిండా సిలిండర్లు. ఇంటికి తెచ్చిన ఉత్సాహంలో నేనొక పొరపాటు చేశాను. ఆ పొరపాటు మీరు చెయ్యకూడదనే ఇవాళ ఈ ప్రసంగం.

ముందు యంత్రం సంగతి. మన తాతల కాలంలో మీరు చూసినది గ్రామఫోను. దాని మీద పళ్ళెంలాంటి రికార్డు తిరుగుతుంది, గాడిలో ముల్లు పక్కలకి కదులుతుంది. ఎడిసన్ సిలిండరు ఫోనోగ్రాఫులో పళ్ళెం ఉండదు. సుమారు నాలుగంగుళాల పొడవున్న గొట్టం, అంటే సిలిండరు, తిరుగుతుంది. ముల్లు గాడిలో పైకీ కిందికీ కదులుతుంది. ఇంకొక విశేషం ఏమిటంటే, ఈ యంత్రాలలో చాలావాటితో ఇంట్లోనే రికార్డు కూడా చేసుకోవచ్చు. వినిపించే భాగం తీసేసి, చెక్కే భాగం పెట్టి, బాకాలోకి మాట్లాడితే సరి. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇండియా నుంచి ఇత్తడి బాకా, కుక్క బొమ్మ ఉన్న గ్రామఫోను తెచ్చుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. అందులో తప్పేమీ లేదు గానీ, అలాంటివాటిలో చాలా మటుకు పాత విడిభాగాలతో మన దేశంలో ఈమధ్య కూర్చినవే. ఇక్కడి సేకర్తలు వాటిని వెక్కిరింపుగా ‘క్రాపోఫోన్’ అంటారు. తళతళలాడే కొత్త ఇత్తడి, కొత్త చెక్క పెట్టె, దాని మీద పాత కంపెనీ గుర్తు కనిపిస్తే కొంచెం అనుమానించండి.

ఎడిసన్ యంత్రమైతే పెట్టె మీద ఆయన పేరో సంతకమో ముద్రించిన బొమ్మ ఉంటుంది. పైనున్న ఇనుప పలక మీద చిన్న లోహపు రేకు, దాని మీద సీరియల్ నంబరు ఉంటాయి. తరవాతి కాలం వాటికి మోడల్ అక్షరం కూడా ఉంటుంది. రేకు మీద తేదీలు చూసి యంత్రం ఆ రోజున తయారైందనుకోకండి. అవి పేటెంట్ల తేదీలు. అందులో ఆఖరి తేదీకి ముందు ఆ రేకు తయారై ఉండదు, మనకి తెలిసేది అంతవరకే. చిన్నదాని పేరు జెమ్, దానికంటే పెద్దది స్టాండర్డ్, తరవాత హోమ్, ఇంకా పెద్దది ట్రయంఫ్. నాకు దొరికింది స్టాండర్డ్. అది 1898లో ఇరవై డాలర్లకి బజారులోకొచ్చింది. ‘గ్రాఫోఫోన్’ అని రాసి ఉంటే మాత్రం అది ఎడిసన్‌ది కాదు, కొలంబియా కంపెనీది.

ఇప్పుడు సిలిండర్లు. అంచు మీద పాట పేరు, నంబరు ఉన్న నల్లవి 1902 తరవాత అచ్చుపోసినవి. అంగుళానికి వంద గాళ్ళుంటే రెండు నిమిషాలు పాడుతుంది. 1908లో వచ్చిన ఆంబరాల్‌కి రెండు వందల గాళ్ళు, నాలుగు నిమిషాలు. 1912 నుంచి వచ్చిన నీలం రంగువి బ్లూ ఆంబరాల్, అవి పైన సెల్యులాయిడ్, లోపల ప్లాస్టర్. ఇవి 1929 దాకా తయారయ్యాయి. గోధుమ రంగువి వీటన్నిటికంటే మెత్తన. మైనం అంటాం గానీ నిజానికి అదొక రకం సబ్బు. ఇంట్లో రికార్డు చేసుకోడానికి వాడిన ఖాళీ సిలిండర్లు ఎక్కువగా ఈ రకమే. అంచు మీద ఏ పేరూ లేదంటే అది ఎవరి ఇంటి గొంతైనా కావచ్చు.

ఏ సిలిండరుకి ఆ ముల్లే వాడాలి. ముల్లు ఉండే గుండ్రటి భాగాన్ని రిప్రొడ్యూసర్ అంటారు. ‘సి’ రకం రెండు నిమిషాల అచ్చు సిలిండర్లకి. ‘హెచ్’ రకం నాలుగు నిమిషాల మైనానికి. వజ్రపు ముల్లు నీలంవాటికే. మెత్తటి గోధుమ సిలిండరు మీద ‘సి’ పెట్టడం అంటే గాడిని గీకి పారెయ్యడమే.

ఇక మరమ్మతు. తెచ్చిన వెంటనే పిడి తిప్పి కీ ఇవ్వకండి. లోపల వందేళ్ళ నాటి గ్రీజు జిగురులా గట్టిపడి ఉంటుంది. రిప్రొడ్యూసర్ పైకెత్తి పెట్టి, సిలిండరు తొడిగే గొట్టాన్ని చేత్తో మెల్లిగా తిప్పి చూడండి. బిగుసుకుపోతే బలవంతం చెయ్యకండి. పాత గ్రీజు తీసి, బేరింగులకి పల్చటి నూనె ఒక్కొక్క చుక్క వెయ్యండి. బెల్టు ఎండిపోయి ఉంటే మార్చండి. స్ప్రింగు డబ్బా మాత్రం మీరు విప్పకండి. చుట్టుకొని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విచ్చుకుంటే వేళ్ళు తెగుతాయి. ఆ పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

శబ్దం గరగరలాడుతుంటే చాలాసార్లు తప్పు రిప్రొడ్యూసర్ లోపలి రబ్బరు వాషర్లది. అవి రాయిలా గట్టిపడతాయి. కొత్తవి వేస్తే గొంతు తిరిగొస్తుంది. ముల్లుని భూతద్దంతో చూడండి. అంచు విరిగిన ముల్లు ఉలితో సమానం. పెట్టెకి పాత పాలిష్ గీకి కొత్తది వెయ్యకండి, ఆ ముద్రించిన పేరు పోతే మళ్ళీ రాదు. వేగం సరిచూడాలంటే తిరిగే గొట్టానికి చిన్న కాగితం ముక్క అంటించి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లకి నలభై చుట్లు రావాలి. అంటే నిమిషానికి నూట అరవై.

సిలిండరుని పైన పట్టుకోకూడదు. లోపల రెండు వేళ్ళు పెట్టి, మెల్లిగా విడదీసి ఎత్తాలి. చేతి వేడికి కూడా గోధుమ సిలిండరు పగలొచ్చు. బూజు కనిపిస్తే నీళ్ళు, ఆల్కహాలు పొయ్యకండి. మెత్తటి కుంచెతో పైపైన దుమ్ము దులిపి ఆపండి.

ఇవన్నీ నేను తరవాత నేర్చుకున్నవి. నా పెట్టెలో గోధుమ సిలిండరు ఒకటుంది. దాని డబ్బా మూత మీద పెన్సిలుతో ఇంగ్లీషులో రెండు మాటలు: నాన్న, క్రిస్మస్. యంత్రానికి ఉన్న ‘సి’ రిప్రొడ్యూసర్‌తోనే పెట్టేశాను. బుస శబ్దం వెనక ఒక మగ గొంతు అంకెలు లెక్కపెడుతోంది, పక్కన చిన్నపిల్ల నవ్వు. ఒళ్ళు జలదరించింది. మా ఆవిడని పిలిచి వినిపించాను, పిల్లలకి వినిపించాను, సాయంత్రం భోజనానికొచ్చిన స్నేహితులకి వినిపించాను. రేపు తీరిగ్గా రికార్డు చేద్దాంలే అనుకున్నాను. మర్నాడు పెడితే బుస తప్ప ఏమీ లేదు.

నాలుగు రోజులు ఊరుకున్నాను. ఉండబట్టలేక ఆ అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. “అది మా తాతగారై ఉంటారు. నవ్వింది మా అమ్మేమో. ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు,” అంది. సిలిండరు ఆవిడకి తిరిగిచ్చేశాను.

దీనికి దారులు లేక కాదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, సాంటా బార్బరా లైబ్రరీ పది వేలకి పైగా సిలిండర్లని డిజిటల్‌గా మార్చి ఉచితంగా వినిపిస్తోంది. ఇళ్ళల్లో చేసుకున్న రికార్డింగులు కూడా అందులో ఉన్నాయి. లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీలో కార్ల్ హేబర్ బృందం ముల్లు తాకకుండా, గాడిని కెమెరాతో చూసి శబ్దం తీసే పద్ధతి కనిపెట్టింది. 1890లో మెయిన్ రాష్ట్రంలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ పాసమక్వాడీ తెగవాళ్ళ పాటలూ కథలూ సిలిండర్లకెక్కించాడు. వందేళ్ళు దాటాక ఆ తెగవాళ్ళే అవి విని, మాటలు గుర్తుపట్టి, తమ భాషలో పేర్లు పెట్టారు. జాగ్రత్త పడితే గొంతు అంతకాలం నిలుస్తుంది.

కాబట్టి పేరులేని సిలిండరు దొరికితే మీరు పెట్టి చూడకండి. అలాంటి లైబ్రరీకి రాసి అడగండి. యంత్రం ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు. చెరిగిన గాడిని ఎవరూ బాగుచెయ్యలేరు.

మనలో చాలామంది ఇళ్ళల్లో ఫోనోగ్రాఫు ఉండకపోవచ్చు. కానీ పెట్టెల అడుగున కేసెట్లుంటాయి. ఫోన్ ఖరీదైన రోజుల్లో అమ్మా నాన్నా ఉత్తరానికి బదులు మాట్లాడి పంపినవి. ఈ శనివారం వాటిని తియ్యండి. మొదటిసారి పెట్టేటప్పుడే పక్కన రికార్డు చేసుకోండి. రేపు చేద్దాంలే అనుకోకండి.