మిద్దె మీద పొగాకు పెంచి మనమే చుట్ట చుట్టుకోవచ్చా?

మిద్దెతోట ఎపిసోడ్ చేసినప్పటి నుంచి ఒకటే ప్రశ్న పదేపదే వస్తా ఉంది. "అన్నా, కుండీలో పొగాకు పెంచి ఇంట్లోనే సిగార్ చేసుకోవచ్చా?" అడిగినవాళ్లలో మా చిన్నాయన కొడుకు కూడా ఉన్నాడు. నంద్యాలలో వాడి మిద్దె మీద ఇప్పటికే 12 మొక్కలు లేచినాయి. సరే, ఈరోజు దీని సంగతే చూద్దాం.

సిగార్ అని అంత దూరం పోవాల్సిన పనిలేదు. మనకు చుట్ట ఉంది. ఇంగ్లీషువాళ్లు 'చెరూట్' అంటారే, అది తమిళంలోని 'సురుట్టు' నుంచి పోయిన మాటే. మన గిరీశం కాల్చిందీ చుట్టే.

చట్టం గురించి రెండు ముక్కలు. 1975 పొగాకు బోర్డు చట్టం ప్రకారం వర్జీనియా పొగాకు పండించాలంటే బోర్డులో రిజిస్టర్ కావాలి. నాటు రకాలకు ఆ నిబంధన లేదు. చుట్టి అమ్మడం మాత్రం పూర్తిగా వేరే కథ. ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ, పన్నులు, అన్నీ వస్తాయి. అమ్మే ఆలోచన ఉంటే ఇక్కడే ఆగిపోండి.

పెంచడం నిజంగా సులువే. నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడి నేలలకు పొగాకు కొత్త కాదు, నంద్యాల పరిశోధన స్థానంలో దీని మీద పని కూడా చేస్తారు. విత్తనం ఎంత సన్నం అంటే ఒక గ్రాములో 10,000కు పైగా ఉంటాయి. ఇసుకలో కలిపి చల్లాలి, మన్ను కప్పకూడదు. నెలన్నరకు నారు వస్తుంది. పాత పెయింటు డబ్బాకు ఒక మొక్క చాలు. మొగ్గ కనపడగానే తల తుంచాలి, తర్వాత వచ్చే పిలకలు గిల్లేస్తా ఉండాలి. అప్పుడే బలమంతా ఆకులోకి పోతుంది. టమాటా, మిరప పక్కన మాత్రం పెట్టొద్దు. అన్నీ ఒకే కుటుంబం, మొజాయిక్ తెగులు చేతుల ద్వారానే ఒకదాని నుంచి ఇంకోదానికి పోతుంది. ఇంకోటి, తడిగా ఉన్న పచ్చాకు కోసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. నికోటిన్ చర్మం గుండా లోపలికి పోయి వాంతులు, తలతిరుగుడు వస్తాయి.

కోసినాక అసలు పని మొదలవుతుంది. ఆకును తాడుకు గుచ్చి వారాల తరబడి ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో పెళపెళలాడిస్తే పచ్చదనం అట్లే నిలిచిపోయి గొంతు కోస్తుంది. ఆరిన ఆకును కట్టలు కట్టి, మండె వేసి, లోపల వేడి పుడుతుంటే తిరగేస్తా ఉండాలి. రుచి, వాసన అక్కడే తయారవుతాయి. చిక్కేమంటే ఆ వేడి పుట్టాలంటే ఆకు చాలా ఉండాలి. 12 మొక్కల ఆకు ఒక గోనెసంచి కూడా నిండదు, ఇంక వేడెక్కేది యాడ? మా జేజినాయన ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో పెరట్లో పొగాకు వేసేవాడు. ఆయన కూడా తన నాలుగు కట్టలు తీసుకుపోయి పెద్ద రైతు మండెలోనే పెట్టించేవాడు. ఒంటరిగా అయ్యే పని కాదు ఇది.

ఇప్పుడు మా తమ్ముడి వాదన. "ఫ్యాక్టరీ సిగరెట్లో కెమికల్స్ ఉంటాయి, ఇది ఆర్గానిక్ కదన్నా!" నేను బీటెక్ చదివినోణ్ణి, డాక్టర్‌ను కాను. కానీ ఇది తెలుసుకోడానికి డాక్టర్ అక్కర్లేదు. పొగాకులో క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లను ఎవరూ బయటి నుంచి కలపరు. ఆకు ఆరేటప్పుడు, మండెలో మగ్గేటప్పుడు అవి ఆకులోనే పుడతాయి. అంటే మనం రుచి కోసం ఏ పని చేస్తామో, అదే పనిలో అవీ తయారవుతాయి. ఇక తారు, కార్బన్ మోనాక్సైడ్ అంటారా, ఏ ఆకు కాల్చినా వచ్చేవే.

శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని. అక్కడ 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లో అచ్చయింది. అది చుట్ట మీదే, సిగరెట్ మీద కాదు.

మా జేజినాయన జీవితంలో ఒక్క సిగరెట్ కొనలేదు. సొంత ఆకు, సొంత చుట్ట. 64 ఏళ్లకు దవడ లోపల పుండు లేచింది. కర్నూలులో చూపిస్తే క్యాన్సర్ అన్నారు. ఎనిమిది నెలలు. చివర్లో జావ కూడా మింగలేకపోయాడు. మా తమ్ముడు అప్పుడు చాలా చిన్నోడు, వాడికి గుర్తులేదు. నాకు గుర్తుంది కాబట్టే వాడికి ఫోన్ చేసి కాకుండా, పోయి ఎదురుగా కూర్చొని చెప్పినా.

మొక్కలు పీకేయమని నేను అనలేదు. పూలు బాగుంటాయి, ఉండనీ. ఆకుకు వేరే పనుంది. ఎండిన ఆకును నీళ్లలో అరగంట ఉడకబెట్టి, వడగట్టి, బాగా పలచన చేసి చిక్కుడు మీద కొడితే పేనుబంక పోతుంది. ఇదీ విషమే, కాబట్టి కొట్టినాక కొన్నాళ్లు కాయ కోయొద్దు. ఉడకబెట్టిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. మా చిన్నమ్మ అయితే ఆ గిన్నెకు ఎర్ర రంగు పూసి మిద్దె మీదనే పెట్టేసింది.