తలకట్టు క్రింది సందు

తెనాలిలో రేపల్లె బండి యెక్కి కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి దారిపొడవున చదువుకొనుటకు గోడలమీదనే కావలసినంత దొరకును. రైసు మిల్లులు, ఎరువుల కొట్లు, ట్రాక్టరు మరమ్మతు షెడ్లు - వీనిలో అనేకముల పేర్లు ఒక్క తీరుననే యుండును. లావుపాటి గీత, తెగిన మూల, ఇనుప కమ్మిని వంచినట్టి బిగువు. మొన్న ఆ దారిని పోవుచుండగా ఈ మోటు అక్షరమును గూర్చి శ్రోతలతో ముచ్చటింపవలెనని మాకు తోచినది.

ఈ తీరు ఇంగ్లీషు లిపికి సుళువుగా అబ్బినది. రహదారి బోర్డులవంటి సాంకేతికపు వ్రాతలకై జర్మనులు 1936లో డిన్ 1451 అను ప్రమాణమునే ఏర్పరచుకొనిరి. గీటుబద్దయు, వృత్తలేఖినియు ఉన్న చాలును, ఆ అక్షరములను గీయవచ్చును. మన అక్షరము అట్టిది కాదు. తాటాకుపై గంటముతో తిన్నని గీత లాగిన ఆకు చీలునని మనవారు గుండ్రదనమును ఆశ్రయించిరని పెద్దలందురు. గుండ్రదనము పోయినను ఎట్లో చదువుకొందుము. చిక్కంతయు లావుతోనే వచ్చినది.

'ప'కును 'వ'కును భేదమెక్కడ నున్నది? తలకట్టు క్రింది సందులో. తలకట్టు అంటనిచో 'ప', అంటినచో 'వ'. గీత లావెక్కినకొలది ఆ సందు పూడును. అప్పుడు రేపల్లె రేవల్లె యగును, బాపట్ల బావట్ల యగును. తెనాలికి మాత్రము ఈ గండము లేదు. వికటకవి పుణ్యమేమో!

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా యేర్పడినది. రేపల్లె అందులో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఎన్ని బోర్డులమీద జిల్లా పేరు మార్చవలసివచ్చినదో శ్రోతలే ఊహింపగలరు. కుంచె పట్టినవాడు సందు పూడుచున్నదని కంటితో చూచి, అచ్చట గీతను సన్నము చేయును. ఫ్లెక్సీ అంగడిలో మీట నొక్కి సాదా అక్షరమును 'బోల్డు' చేసినపుడు యంత్రము లోపలికిని వెలుపలికిని గీతను ఒక్కటిగా ఉబ్బించును. దానికి 'ప' యేదో 'వ' యేదో పట్టదు. అందుచేత, లావుగానే రూపొందించిన అక్షరములను వాడుట మేలు. సిలికానాంధ్రవారు ఉచితముగా అందించినవానిలో 'రామభద్ర' అట్టిది. 'తెనాలి రామకృష్ణ' అను పేరుతోను ఒకటి కలదు. ఇవి శీర్షికలకును గోడపత్రికలకును తగినవే కాని, వీనితో పెండ్లి శుభలేఖ అంతయు నింపినచో చదువువారికి తలనొప్పి తప్పదు.

బియ్యపు గోనెలపై రేకు అచ్చుతో వేయు అక్షరమునకు వేరొక తిప్పలు. 'ర'లోని సున్న చుట్టును కోసినచో నడిమి బిళ్ళ ఊడిపడును. కనుక నడుమ చిన్న వంతెన విడువవలెను. ఆ వంతెనలే ఈ అక్షరమునకు కర్మాగారపు కళ తెచ్చినవి.

అసలు పరీక్ష రాత్రివేళ. ఆకుపచ్చ బోర్డుపై తెల్లని అక్షరములకు లారీ దీపము తగిలినపుడు వెలుగు చెదరి, గీత ఉన్నదానికంటె లావుగా తోచును. 216వ జాతీయ రహదారిపై రేపల్లె మీదుగా బాపట్లకు రోగిని తీసికొనిపోవు కొత్త డ్రైవరు ఆ సందునే నమ్ముకొని చదువవలెను. ఊరెరిగినవానికి బోర్డుతో పనియేమి?

బోర్డు వ్రాయించువారు ఇరువది యడుగులు వెనుకకు పోయి, కన్నులు సగము మూసి చూడవలెను. 'ప' కనబడనిచో గీతను తగ్గింపుమని వ్రాయువానితో మొగమోటము లేక చెప్పవలెను.

రేపల్లెలో బండి ఆగినది. అచటితో పట్టాలు సరి. పసుపుపచ్చ బోర్డుపై నల్లని అక్షరములను మేము ప్లాటుఫారము చివరినుండి చూచితిమి. తలకట్టు క్రింద పసుపు కనబడుచునే యున్నది.