ఒక్కని హక్కు: అధ్యక్షోపన్యాసము



సాహిత్యగోష్ఠులలో తరచుగా చర్చకు రాని యొక విషయమును తమ సమక్షమున ప్రస్తావింప సాహసించుచున్నాను. ప్రజాప్రభుత్వమున పెక్కుమంది మాట చెల్లవలెననుట న్యాయమే. పన్ను ఎంత యుండవలెనో, కాలువ ఏ గ్రామముమీదుగా పారవలెనో, అధికారపీఠమున నెవరు కూర్చుండవలెనో తేల్చుకొనుటకు ఓట్లు లెక్కించుటకంటె మేలైన పద్ధతిని మానవజాతి యింతవరకు కనుగొనలేదు. కాని ఒక మనుష్యుడు దేనిని విశ్వసింపవలెను, ఎవరిని వివాహమాడవలెను, తన యింట తాను నిర్భయముగా నిద్రింపవచ్చునా యను ప్రశ్నలను గూడ ఓటుకు పెట్టినచో, ఆ క్షణముననే ప్రజాప్రభుత్వము తన హద్దు దాటినదని నా దృఢాభిప్రాయము.

ఈ హద్దును మన దేశమున అతిస్పష్టముగా చూపినవారిలో కోకా సుబ్బారావుగారిని ముందుగా స్మరింతును. 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా నుండి, పిమ్మట సుప్రీంకోర్టు న్యాయమూర్తియు, ప్రధాన న్యాయమూర్తియు నైన ఆ మహనీయుని యెదుటికి ఖరక్ సింగ్ అను ఉత్తరప్రదేశ వాసి వ్యవహార మొకటి వచ్చినది. ఆ ఖరక్ సింగ్ 1941లో ఒక బందిపోటు కేసున నిందితుడై, సాక్ష్యము లేక విడుదలయ్యెను. ఐనను పోలీసులు అతని పేర హిస్టరీషీటు తెరచి, ఇంటిచుట్టు మాటున కావలి పెట్టి, రాత్రివేళల తలుపు తట్టి నిద్రలేపుచు, ఊరు విడిచినంతనే ఆచూకీ తీయుచు వచ్చిరి. ఇట్టివాని పక్షమున ఓటువేయు గ్రామమేది? అతనిపై నిఘా యుండుటయే తమకు క్షేమమని ఇరుగుపొరుగువారు తలచుట సహజము. ఓట్లలో దిక్కులేని యట్టివానికి రాజ్యాంగమే దిక్కు కావలసియున్నది.

1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులలో నలువురు, రాత్రివేళ యింటికి వచ్చు పద్ధతిని మాత్రము కొట్టివేసి, తక్కిన నిఘాను నిలిపి, ఏకాంతత ప్రాథమిక హక్కు కాదని తీర్పు చెప్పిరి. సుబ్బారావుగారు, జె.సి. షాగారితో గూడి, ఆ నిఘాకు ఆధారమైన పోలీసు నిబంధన సమస్తమును చెల్లదనిరి. వెన్నంటి చూచు కన్నులున్నవని యెరిగిన మనుష్యుని కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినను మనస్సునకు బంధము పడినదనియు, అదియు స్వేచ్ఛాభంగమేయనియు వారి తర్కసారము. నాడు ఓడిన ఆ యభిప్రాయమే 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవ నిర్ణయముగా దేశమునకు శాసనమైనది. అప్పటికి సుబ్బారావుగారు దివంగతులై నలువదేండ్లు దాటినవి.

మరియొక తీర్పు, తెలుగువారే యైన ఓ. చిన్నప్పరెడ్డిగారిది, నన్ను ఇంతకంటెను కదిలించును. 1985 జూలైలో కేరళదేశమున ఒక పాఠశాలనుండి ఒకే కుటుంబమునకు చెందిన ముగ్గురు పిల్లలను వెడలగొట్టిరి. యెహోవా సాక్షులను క్రైస్తవశాఖకు చెందిన ఆ పిల్లలు, జాతీయగీతము పాడు వేళ అందరితోపాటు గౌరవముగా నిలుచుండెడివారు. తమ మతవిశ్వాసము అంగీకరింపదు గనుక నోట మాత్రము పలుకకుండిరి. ఒక శాసనసభ్యుడు దీనిని శాసనసభలో ప్రస్తావింపగా విచారణసంఘము నియుక్తమైనది. పిల్లలు వినయశీలురనియు, గీతము నెన్నడు అవమానింపలేదనియు ఆ సంఘమే నివేదించినది. అయినను అధికారుల యాజ్ఞ అమలు జరిగినది. హైకోర్టు సైతము వారి నాదుకొనలేదు. ఒక విశాలదేశము ముగ్గురు పిల్లల మౌనమును సహింపలేకపోయినదని తలచినపుడు నాకు నేటికిని బాధ కలుగును. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టున చిన్నప్పరెడ్డిగారు, పాడితీరవలెనను చట్టమే లేదని చూపి, అల్పాతి అల్పసంఖ్యాకులకు గూడ రాజ్యాంగమునందు చోటు దొరకుటయే ప్రజాస్వామ్యమునకు నిజమైన పరీక్షయని చెప్పి, పిల్లలను మరల బడిలో చేర్చుకొనుమని ఆదేశించిరి.

అమెరికాలో ఇదే శాఖవారి పిల్లలచేత జెండావందనమును నిర్బంధముగా చేయింపవచ్చునని 1940లో సుప్రీంకోర్టు, ఒక్కరు తప్ప తక్కిన ఎనమండుగురు న్యాయమూర్తుల సమ్మతితో చెప్పెను. వెనువెంటనే పలుచోట్ల ఆ మతస్థులపై మూకదాడులు జరిగినవి. 1943లో ఆ న్యాయస్థానమే తన తీర్పును త్రోసిపుచ్చినది.

న్యాయస్థానములుండగా మనకు చింత యేల యని ఎవరైన నడుగవచ్చును. 1976 ఏప్రిల్ 28న మన సుప్రీంకోర్టుననే, అత్యవసర పరిస్థితిలో నిర్బంధితుడైనవాడు తన స్వేచ్ఛకై హైకోర్టు నాశ్రయింపజాలడని ఐదుగురిలో నలువురు న్యాయమూర్తులు చెప్పిరి, హెచ్.ఆర్. ఖన్నాగా రొక్కరే కాదనిరి. న్యాయమూర్తులును కాలపు భయమునకు అతీతులు కారు. పైగా, వ్యక్తిని అణచునది ప్రభుత్వ మొక్కటే గాదు. వితంతు పునర్వివాహమును అనుమతించు చట్టము 1856లోనే వచ్చినది. ఐనను 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగంపంతులుగారు తొలి వితంతువివాహము జరిపించువరకు, ఇరువదియైదేండ్లపాటు, ఆ చట్టము మన ఆంధ్రవనితకు అక్కరకు రాలేదు. చట్టము పెండ్లికి సమ్మతించినను, ఊరు వెలి వేయుదునన్నది. ఆ ఊరిని పంతులుగారు కార్యముతోను, అంతకంటె నెక్కువగా గద్యముతోను ఎదుర్కొనిరి. రాజ్యాంగనైతికత మనుష్యునకు సహజగుణము గాదనియు, దానిని అలవరచుకొనవలసియున్నదనియు 1948 నవంబరులో రాజ్యాంగసభలో అంబేద్కరుగారు హెచ్చరించిరి. అలవరచు పనిలో అధికభారము భాషాసేవకులదే.

కనుక ఈ సభవారికి నాదొక్కటే విన్నపము. సుబ్బారావుగారు, ఖన్నాగారు వ్రాసిన భిన్నాభిప్రాయములును, చిన్నప్పరెడ్డిగారి తీర్పును ఆంగ్లమున వెలువడినవి. వానిని మంచి తెలుగు వచనమున, పదవతరగతి విద్యార్థికి సుబోధమగునట్లు వ్రాయించి, గ్రంథముగా ప్రకటించి, ప్రతి గ్రామ గ్రంథాలయమునకు చేర్చు భారమును ఈ సంవత్సరముననే స్వీకరింపుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.