నడుచుచున్న ట్రాక్టరులో గేరు జారుట: కారణము కనుగొను విధము



ధాన్యపు బస్తాలు నింపిన ట్రెయిలరుతో ట్రాక్టరు కాలువగట్టు దిగుచున్నదనుకొనుడు. గేరు పడి ఉన్నంతవరకు ఇంజను కూడ బండి వేగమును పట్టి ఉంచును. ఆ సమయమున గేరు జారి న్యూట్రల్‌లోకి వచ్చినచో ఆ పట్టు తప్పిపోవును. బరువంతయు బ్రేకులమీద పడును. ట్రెయిలరుకు వేరుగా బ్రేకులు లేనిచో అది ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. పక్కకు తిప్పి బోల్తా కొట్టించినను కొట్టించును. కనుక గేరు జారుటను చిన్న చికాకుగా చూడరాదు.

అయినను కొందరు గేరు రాడ్డును ఒక చేత అదిమిపట్టి నడుపుదురు. మరికొందరు పాత ట్యూబు ముక్కతో రాడ్డును కట్టివేయుదురు. ఇది రెండు విధముల చెడుపు. కట్టిన రాడ్డు అవసరమునకు కదలదు. అదిమిన రాడ్డువలన లోపలి ఫోర్కు తిరుగుచున్న గేరుకు ఎడతెగక రాచుకొని అరిగిపోవును. చిన్న స్ప్రింగుతో తీరవలసిన పని గేర్లు మార్చుదాకా పోవును.

గేరు ఎప్పుడు జారుచున్నదో శ్రద్ధగా గమనించినచో, ఎందుకు జారుచున్నదో చాలవరకు తెలియును. గేరు బాక్సు విప్పకమునుపే ఈ పరిశీలన మీరే చేయవచ్చును.

మొదట గేరు జారుచున్నదో, క్లచ్చి జారుచున్నదో తేల్చుకొనవలెను. రెండింటిలోను ఇంజను శబ్దము పెరుగును, బండి సాగదు. రాడ్డు తనంతట తాను న్యూట్రల్‌కు వచ్చినచో అది గేరు దోషము. రాడ్డు ఉన్నచోటనే ఉండి, బరువు పడినప్పుడు బండి మందగించి, మాడు వాసన వచ్చినచో క్లచ్చి ప్లేటును అనుమానింపవలెను. హై, లో రాడ్డు వేరుగా ఉన్న ట్రాక్టర్లలో జారుచున్నది ఏ రాడ్డో కూడ చూడవలెను.

ఇక లోపలి అమరిక తెలిసికొందము. రాడ్డు కదిపినప్పుడు ఒక కడ్డీ జరుగును. దానికి బిగించిన ఫోర్కు గేరును జరిపి, పళ్లను పళ్లలోనికి దింపును. కడ్డీమీద చిన్న గాట్లు ఉండును. స్ప్రింగు నొక్కిన ఉక్కు గుండు ఆ గాటులో పడి కడ్డీని కదలనీయదు. గేరు వేసినప్పుడు చేతికి తెలియు "టక్కు" అదియే. పళ్లు పూర్తిగా దిగవలెను, గుండు గాటులో కూర్చుండవలెను, షాఫ్టులు ఊగక తిన్నగా తిరుగవలెను. ఈ మూడింటిలో ఏది తప్పినను గేరు జారును.

ముందుగా ఇంజను ఆపి, పైకి కనిపించునవి చూడుడు. రాడ్డు వంగినదా? కాలికింది మ్యాటుగాని, పనిముట్ల పెట్టెగాని దానికి అడ్డు తగులుచున్నదా? గేరు బాక్సు బోల్టులు వదులైనవా? క్లచ్చి పెడల్ ఆట కంపెనీ పుస్తకములో చెప్పినంత ఉన్నదా? ఆట ఎక్కువైనచో క్లచ్చి పూర్తిగా విడువదు. గేరు కరకరలాడుచు సగమే పడును. ఆ రాపిడికి పళ్ల కొనలు గుండ్రబడును.

పిమ్మట ట్రెయిలరు విప్పి, మనుష్యులు లేని చదునైన పొలములో నెమ్మదిగా నడిపి చూడుడు. రోడ్డుమీదగాని, వాలులోగాని ఈ పరీక్ష చేయరాదు. చూచినది కాగితముమీద వ్రాసికొనుడు.

ఒకే గేరు జారుచున్నచో ఆ గేరు పళ్లు అరిగియుండవచ్చును. ఒకే కడ్డీపై ఉన్న రెండు గేర్లును జారుచున్నచో ఆ కడ్డీ గాట్లు, గుండు, స్ప్రింగు, ఫోర్కు చూడవలెను. అన్ని గేర్లును జారుచున్నచో బేరింగుల అరుగుదల, షాఫ్టుల ఊగులాట, వదులైన బోల్టులు చూడవలెను.

గేరు వేయునప్పుడు "టక్కు" తెలియక, గతుకులలో జారుచున్నచో స్ప్రింగు చచ్చినదనుకొనవచ్చును. రాడ్డు అదే పనిగా అదరుచున్నచో ఫోర్కు వంగియుండవచ్చును, లేదా గేరు ఊగుచుండవచ్చును. పళ్లకు రెండు ముఖములు కలవు. బండి లాగునప్పుడు ఒకటి, యాక్సిలరేటరు వదలి పల్లము దిగునప్పుడు రెండవది బరువు మోయును. కాబట్టి లాగునప్పుడు మాత్రమే జారుచున్నదో, వదలినప్పుడు మాత్రమే జారుచున్నదో చెప్పినచో మెకానిక్కు ఏ ముఖము చూడవలెనో తెలిసికొనును.

ఆయిలును కూడ చూడుడు. దమ్ము చేయునప్పుడు నీరు చేరినచో ఆయిలు పాలవలె తెల్లబడును. అట్టి ఆయిలులో బేరింగులు త్వరగా చెడును. ఆయిలు దించినప్పుడు అయస్కాంతమునకు సన్నని పొడి అంటుట మామూలే. ఇనుప పెచ్చులు కనిపించినచో బండి నడుపుట మానవలెను.

అనేక ట్రాక్టర్లలో స్ప్రింగు, గుండు మార్చుటకు పైమూత విప్పిన చాలును. గేర్లు, బేరింగులు మార్చుటకు ట్రాక్టరును రెండుగా విడదీయవలసి రావచ్చును. మీరు వ్రాసికొన్న కాగితము ఉన్నచో అనవసరముగా విప్పు పని తప్పును. స్ప్రింగును సాగదీసి వేయుట, దానికింద వాషరు పెట్టుట పనికిరావు. అరిగిన గేరుతోపాటు దానితో కలియు భాగమును కూడ చూపించి, అరిగినచో రెండును మార్పించుడు.

మరమ్మతు అగువరకు బరువు వేయకుడు, వాలు దిగకుడు. బండి బాగున్నను, దిగుడు రాకముందే చిన్న గేరు వేసికొనవలెను. రోడ్డుమీద రెండు బ్రేకు పెడళ్లను గొళ్లెముతో కలిపి ఉంచవలెను. వాలులో హఠాత్తుగా గేరు జారినచో, గేరుకొరకు తడుముకొనుచు రెప్పపాటు కాలమైనను పోగొట్టక, స్టీరింగు తిన్నగా పట్టి, రెండు బ్రేకులును కలిపి నిలకడగా తొక్కి బండిని ఆపవలెను.

యంత్రముల పని నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ సంస్థ కలదు. ప్రతి గ్రామమున ఒకరిద్దరు ఈ పని నేర్చినచో ఊరంతటికిని మేలు. ఈ పూట మీ ట్రాక్టరు రాడ్డుకు ట్యూబు ముక్క కట్టియున్నచో, మొదట దానిని విప్పి, మరమ్మతునకు పూనుకొనుడు.