1922లోనే సెల్‌ఫోన్ ఉందా?

"1922 నాటి సెల్‌ఫోన్" అంటూ ఒక మూకీ వీడియో మీకూ ఫార్వర్డ్ అయ్యే ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్లు వీధిలో ఆగి, చేతిలోని పెట్టె తీగను ఫైర్ హైడ్రెంట్‌కి కట్టి, గొడుగు విప్పుతారు. అది 'ఈవ్స్ వైర్‌లెస్'. అప్పట్లో సినిమా హాళ్లలో చూపించిన పాథే వాళ్ల వింతల బిట్లలో ఒకటి.

నేనైతే గొడుగు దగ్గర పాజ్ చేశా. అది యాంటెనా అండీ! హైడ్రెంటేమో ఎర్తింగ్. ఫోన్‌కి ఈ తంటాలెందుకు? అది క్రిస్టల్ రేడియో అయ్యుండాలి. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు, గాల్లో వచ్చే రేడియో తరంగాల శక్తే చాలు. కాకపోతే వినడమే, మాట్లాడటం కుదరదు. మరి అవతల ఎవరు? అదీ ఫిల్మ్‌లోనే ఉంది: ఇంకో ఆవిడ మైక్ ముందు గ్రామఫోన్ రికార్డు పెడుతుంది.

పాట కోసం నడివీధిలో గొడుగు! నాకు సెల్‌ఫోన్ కంటే ఇదే పెద్ద వింత. యూట్యూబ్‌లో బ్రిటిష్ పాథే ఛానల్‌కెళ్లి ఫుల్ బిట్ చూసేయండి.