సౌలతున్నీసా బేగం ఇచ్చిన బడి

మక్కా నగరంలో ఒక పాత బడికి భారతీయ మహిళ పేరుంది. అది మదర్సా సౌలతియా. ఆ పేరు కలకత్తా సంపన్నురాలు సౌలతున్నీసా బేగంది.

1870ల తొలి ఏళ్లలో ఆమె హజ్ యాత్రకు వెళ్లారు. యాత్రికులకు ఒక సత్రం కట్టించాలని ఆమె తలంపు. సత్రాన్ని అక్కడ రుబాత్ అంటారు. నిజాం కాలంలో మన హైదరాబాద్ యాత్రికుల కోసం వెలసినవీ ఉన్నాయి. అప్పటికే మక్కాలో స్థిరపడిన మౌలానా రహమతుల్లా కైరానవీ ఆమెకు మరో మాట చెప్పారంటారు: సత్రాలు చాలానే ఉన్నాయి, పద్ధతిగా చదువు చెప్పే బడి కావాలి. 1857 తిరుగుబాటు తర్వాత ఆస్తులు పోగొట్టుకుని, దేశం విడిచి వెళ్లిన పండితుడాయన.

ఆమె ఒప్పుకున్నారు. బడికి డబ్బిచ్చారు.

తాను అనుకున్న దానాన్ని పక్కనపెట్టి, ఎదుటివారి అవసరానికి సొమ్ము ఇవ్వడానికి పెద్ద మనసుండాలి. ఆ రోజుల్లో ఒక స్త్రీ సొంతంగా ఆ నిర్ణయం తీసుకోవడం మరీ గొప్ప సంగతి.

ఆ బడికి దూరదేశాల నుంచి విద్యార్థులు వచ్చారు. ఇండోనేషియాలోని లోంబోక్ దీవికి చెందిన ముహమ్మద్ జైనుద్దీన్ అబ్దుల్ మజీద్ అక్కడ చదివినవారే. ఊరికి తిరిగొచ్చాక 1943లో ఆయన ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా ఒక బడి తెరిచారు. 2017లో ఇండోనేషియా ప్రభుత్వం ఆయనను జాతీయ వీరుడిగా ప్రకటించింది.