మోరీ నీటికి మూడు కుంటలు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూలో లెక్కలు చెప్పుకునే మాబోటి పంతుళ్ళం మురుగునీటి గురించి మాట్లాడటమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. కానీ మన బస్తీ మోరీలన్నీ ఖబరస్తాన్ గోడ పక్క పల్లంలోకే చేరుతున్నాయి. వానాకాలంలో జనాజా మోసుకుని ఆ నీళ్ళలోంచే నడుస్తున్నాము. ఇంక మాట్లాడక తప్పదు.

వెయ్యి మంది ఉన్న ఊరనుకోండి. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. అందులో నూటికి 80 వంతులు మోరీలోకే వస్తాయని ఇంజనీర్లు అంచనా వేస్తారు. అంటే రోజుకు 44,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు తొమ్మిది, పండగ రోజైనా ఆగకుండా!

ఈ నీటిని కరెంటు, మోటార్లు లేకుండానే బాగుచేయవచ్చు. మూడు కుంటలు తవ్వి ఒకదాని తర్వాత ఒకదానిలో నిలవనివ్వాలి. మొదటిది సుమారు మూడు మీటర్ల లోతు. అందులో మడ్డి అడుగుకు దిగుతుంది, గాలి అక్కరలేని సూక్ష్మజీవులు దాన్ని కుళ్ళబెడతాయి. రెండవది ఒకటిన్నర మీటరు. దీనిలో పచ్చని నాచు పెరుగుతుంది. అది చూసి నీళ్ళు చెడిపోయాయనుకుంటాం. నిజానికి ఎండ తగిలిన ఆ నాచే నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది, దానితో బతికే మరోరకం సూక్ష్మజీవులు మిగిలిన మురికిని తింటాయి. మూడవది మీటరు లోతే గనుక ఎండ బాగా దిగి రోగక్రిములను చంపుతుంది. ఏలికపాముల గుడ్లు దారిలోనే అడుగున పడిపోతాయి. మొత్తం రెండు మూడు వారాల పని. నాగపూరులోని కేంద్ర పరిశోధన సంస్థ (నేటి నీరి) 1970లోనే దీనిపై పుస్తకం వేసింది. పంజాబులో సీచేవాల్ గ్రామస్థులు ఊరి మురుగును ఇలాగే తేర్చి, చెరువులో నిలిపి పొలాలకు పెట్టుకున్నారు.

ఆ నీటితో వుజూ చేయవచ్చా అని ఒక పెద్దాయన అడిగారు. రంగు, రుచి, వాసన పూర్తిగా పోయేలా శుద్ధి చేస్తే నీరు పాక్ అవుతుందని 1978లో సౌదీ అరేబియా ఉలమాల మండలి ఫత్వా ఇచ్చింది. మన కుంటల నీరు అంతదాకా రాదు చాచా, పచ్చగానే ఉంటుంది. పశువుల గడ్డికీ, చెట్లకూ పెట్టుకుందాం. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగికి వద్దు. మసీదులో వుజూ చేసిన నీటినైతే మోరీలో కలపనే అక్కరలేదు, నేరుగా కొబ్బరిచెట్ల పాదుల్లోకి వదలవచ్చు.

ఇక మా తప్పు. ఇదివరకు ఒకసారి మేమే ముందుండి ఆ పల్లంలో ఒక కుంట తవ్వించాము. తవ్విన రోజు మిఠాయి పంచుకున్నాం. తర్వాత ఎవరమూ అటు చూడలేదు. రెండు వానాకాలాల్లో గుర్రపుడెక్క కమ్మేసింది, నీటికి ఎండ తగలక నాచు చచ్చింది, దోమలు లేచాయి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చెత్త పోసి పూడ్చేశారు. వాళ్ళను ఏమనగలం?

అందుకని ఈసారి భూమి కంటే ముందు జీతం అడుగుతున్నాము. ఒక మనిషి వారానికి రెండు పూటలు గట్ల గడ్డి కోయాలి, తెట్టు తీయాలి, మోరీ జాలీ శుభ్రం చేయాలి. కొన్నేళ్ళకోసారి మొదటి కుంటలో మడ్డి ఎత్తించాలి. పిల్లలు దిగకుండా కంచె చూసుకోవాలి. ఆ మనిషికి రెండేళ్ళ జీతం జమ అయ్యాకే గడ్డపార పడుతుంది. తాగునీటి బావులకు దూరంగా అర ఎకరం జాగా కోసం పంచాయతీతో మాట్లాడే పని మాది.

రసీదు పుస్తకం ఖజాంచీ సాహెబ్ దగ్గరుంది. సభ కాగానే ఆయన గేటు దగ్గరే కూర్చుంటారు. సెలవు.